తొమ్మిది ముక్కల గిబానిత్స

మూర నది కట్ట తెంచుకుని ఊళ్లోకి వచ్చిన వరదకు రెండో ఏడు అది. మిత్యాకు ముప్పై మూడేళ్లు. పదకొండేళ్లుగా పరాయి దేశాల్లో ఫుట్‌బాల్ ఆడుతున్నాడు, వెనక వరసలో. గోలు కొట్టినవాడి పేరు పేపర్లో పడుతుంది. గోలు పడనివ్వనివాడికి మోకాళ్లు అరుగుతాయి. మిత్యాకు రెండూ అరిగాయి. అయినా ఇటలీ క్లబ్బు ఇంకో రెండేళ్లు ఉంచుకుంటానంది. సంతకం ఒక్కటే మిగిలింది.

ఆ ఏటి ఆఖరి మ్యాచికి రెండు రోజుల ముందు మేనత్త తెరెజియా డెబ్బయ్యో పుట్టినరోజు. సెలవు దొరికితే కారేసుకుని వచ్చాడు. ఆవిడ గిబానిత్స కేకు కాల్చింది. గసగసాలు, జున్ను, వాల్‌నట్లు, యాపిళ్లు పొర మీద పొర. అక్కడ తిన్నది చాలక డబ్బాలో పెట్టించుకుని పోయి, మ్యాచి రోజు పొద్దున్నే ఖాళీ చేశాడు.

మ్యాచి అయ్యాక మత్తుమందుల పరీక్షవాళ్లు చీటీ తీస్తే అతని పేరే వచ్చింది. సీసాలో మూత్రం పట్టి ఇచ్చాడు. ఈ వారం వాడినవన్నీ రాయమంటే మోకాలికి రాసుకున్న మందు రాశాడు. గిబానిత్స సంగతి ఎవరు రాస్తారు? బస్సులో జట్టు గోల్‌కీపర్ చెప్పాడు, గసగసాలు తింటే పరీక్షలో నల్లమందు బయటపడుతుందని. దోషం తేలితే ఆట నుంచి వెలి.

మర్నాడు ఊరికొచ్చి అత్తకు చెప్పాడు.

"గసాలు తిని చెడినవాడు ఈ ఊళ్లో ఒక్కడూ లేడు," అందావిడ.

పక్కింటి వెండెల్ గోడ మీదుగా నవ్వాడు. "మీ అత్త చేతి ముక్క తిని మత్తెక్కనిదెవరికి! ఒరే, ముందు సంతకం పెట్టెయ్. తర్వాతి సంగతి తర్వాత."

మిత్యా ఆ పూట అన్నం సరిగా తినలేదు. దాచి సంతకం పెడితే ఆనక తేలినప్పుడు దొంగ అంటారు. చెబితే సంతకమే పోవచ్చు. సాయంత్రం క్లబ్బు డాక్టరుకు ఫోన్ చేశాడు.

"కేకులో గసగసాలా? ఎన్ని ముక్కలు తిన్నావు?" అన్నాడు డాక్టరు ఇటాలియన్లో.

"రెండు."

"ఏమడుగుతున్నాడు?" అంది అత్త.

"ఎన్ని తిన్నావని."

"ఎన్ని చెప్పావు?"

"రెండు."

"రెండా! ఇక్కడ ఆరు, డబ్బాలో మూడు. రెండంటే నా వంట కుక్కయినా ముట్టదనుకోడూ? నిజం చెప్పు!"

మిత్యా నెత్తి గోక్కున్నాడు. "తొమ్మిదండీ," అన్నాడు ఫోన్లో.

"తొమ్మిది," అన్నాడు డాక్టరు. "సరే. నేను రాసి పంపుతాను. ఫలితం వచ్చేదాకా సంతకం ఆగుతుంది. మంచిపని చేశావు."

పదహారు రోజులు ఆగింది. మిత్యా ఫోన్ కింద పెట్టలేదు. పొలంలోనూ, కోళ్లగూడు దగ్గరా, చర్చిలో కూడా. ఫాదర్ ఓసారి కసిరాడు.

పదిహేడో రోజు మధ్యాహ్నం డాక్టరు పిలిచాడు. నల్లమందు జాడ కొంచెం కనబడిందట. హద్దుకు చాలా లోపల. కేసు లేదు. సంతకానికి కాగితం సోమవారం పంపుతారు.

మిత్యాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అత్తకు చెప్పాడు.

ఆవిడ మొహం మాడ్చుకుంది. "చాలా లోపలా? అంటే గసాలు తక్కువేశాననా వాడి ఉద్దేశం?"

వెండెల్ గోడ పట్టుకుని వంగిపోయాడు. "డాక్టరు మీద కేసు వెయ్యి తెరెజియా! నేను సాక్ష్యం చెప్తా."

ఆ రాత్రి మిత్యా దిండు మీద తల పెట్టడమే గుర్తు. మర్నాడు తొమ్మిదింటికి లేచి, పాలు తాగి, పార తీసుకుని గుమ్మడి సాళ్లలోకి దిగాడు. మోకాలు పట్టేసింది. మధ్యాహ్నం దాకా కలుపు తీశాడు.