ముట్టుకోకూడని మెడ

బల్ల మీద పరిచే తెల్లగుడ్డలు ఇస్త్రీ చేస్తోంది ఆమె. "తల పెట్టే చోట మడత కనిపిస్తే పేషెంటుకి నా మీద నమ్మకం ఏముంటుందే?" అనేవాడు భర్త, పెళ్లయిన కొత్తలో. ఇద్దరూ ఒకే కాలేజీలో కైరోప్రాక్టిక్ చదివారు, వెన్నూ మెడా చేత్తో సరిచేసే చదువు. మార్కులు ఆమెకే ఎక్కువ. ఇంటి ముందుగదిలోనే క్లినిక్, బోర్డు మీద పేరు ఆయనొక్కడిదే. గుడ్డలు, ఫోన్లు, కాయితాలు, వచ్చినవాళ్లకి మంచినీళ్లు ఆమెవి.

నొప్పి పదికి ఎంతో రాసుకోవడమూ ఆమె పనే. ఆయన మెడ తిప్పితే టక్కుమంటుంది. ఆ వెంటనే ఎదురుగా నిలబడి "ఇప్పుడెంత?" అంటే ఎనిమిది అన్నవాళ్లు కూడా రెండు అంటారు. మొహం మీద ఎవరు కాదంటారు? ఆమెకి ఆ రెండు మీదే అనుమానం. రెండు వారాలాగి తనే ఫోన్ చేసి అడగడం మొదలుపెట్టింది. మళ్లీ ఏడు, మళ్లీ ఎనిమిది. మెడ తిప్పించుకోకుండా వ్యాయామాలు మాత్రమే నేర్చుకుని వెళ్లినవాళ్లు వీళ్లకేమీ తీసిపోలేదు. నలుగురైతే అప్పట్నుంచీ తల తిరుగుతోందన్నారు. ఏడాదిపాటు రాసిన పుస్తకం ముందు పెడితే ఆయన నవ్వాడు.

"నా చేతికి తెలిసింది నీ కాయితానికేం తెలుసే?"

అత్తగారు వంటింట్లోంచే అందుకుంది. "మొగుడి తప్పులకి పుస్తకం పెట్టిన ఇల్లాలిని నిన్నే చూస్తున్నానమ్మా!"

ఇవాళ పదకొండింటికి టైలరమ్మ వచ్చింది, వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్నావిడ.

"మూడు రోజులైందమ్మా. ఇలాంటి తలనొప్పి పుట్టి బుద్ధెరిగాక ఎరగను. దారం రెండుగా కనబడుతోంది, ఏ దారం ఎక్కించాలో తెలీక చస్తున్నా. మీ ఆయన్ని ఒక్కసారి టక్కుమనిపించమను, పోయి కుట్టుకుంటాను." నవ్వబోయింది. ఎడమ కనురెప్ప సగానికి వాలి ఉంది.

ఆమె వంగి ఆ రెప్పకేసి చూసింది. మెడలోంచి మెదడుకి వెళ్లే రక్తనాళం చిరిగితే ఇలాగే ఉండొచ్చు. అప్పుడు మెడ తిప్పితే మనిషే దక్కకపోవచ్చు. ఆయనా చదివిందే ఇది.

"ఈ మెడ ముట్టుకోకూడదండీ. వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి."

"నలుగురిలో నాకు పాఠాలా? పడుకోబెట్టు."

పడుకోబెట్టడం ఆమెకి అలవాటే. పదకొండేళ్లుగా ఎన్ని తలలు ఆ బల్ల మీద సర్దిందో. సర్దిన ప్రతిసారీ ఈ చేతులు ఆయనవే, నావి కావు అనుకుని బయటికి వచ్చేసేది. ఇవాళ ఎదురు తిరిగితే రేపు ఏ ఇంట్లో పొద్దున్నే లేస్తుంది? పుట్టింట్లో అన్నయ్య "సర్దుకుపో" తప్ప మరో మాట ఎరగడు. టైలరమ్మ అప్పటికే చెప్పులు విడిచి బల్ల ఎక్కుతోంది, ఏదో పెద్ద ఉపకారం జరగబోతున్నట్టు.

ఆయన చేతులు చాచాడు. ఆమె మధ్యలో దూరి, టైలరమ్మ మెడని తన రెండు అరచేతులతో కప్పేసింది.

"చెయ్యి తియ్యి."

"తియ్యను."

ఎదురుచూస్తున్నవాళ్లంతా తలలు ఇటు తిప్పారు. ఆయన వాళ్లకేసి నవ్వుతూనే పళ్ల మధ్య నుంచి అన్నాడు. "ఆవిడకేం లేదని తేలనీ, ఈ గడప తొక్కనిస్తానేమో చూడు."

ఆమె టైలరమ్మని మెల్లగా దింపి, వీధిలోకి నడిపించి, ఆటో ఎక్కించి పక్కన కూర్చుంది.

ఇప్పుడు స్కాన్ గది తలుపు మూసి ఉంది. ఏదైనా తేలితే ఆమె మాట నెగ్గుతుంది. తేలకపోతే ఇల్లు లేదు. ఆమె కళ్లు గట్టిగా మూసుకుని, ఏమీ తేలకూడదని కోరుకుంది.