సగం ఇసుర్రాయి

"అన్నా, ముందుగాల నువ్వు తిను. ఈయనకు తర్వాత పెడత," అంటూ సరోజ టిఫిన్ గిన్నె మూతలో అన్నం పెట్టి, పచ్చిపులుసు పోసి దేవ్యా చేతికిచ్చింది.

జనగామ సర్కారు దవాఖానలో ఎముకల వార్డు. మధ్యాహ్నం ఒంటిగంట. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి లేదు. మంచం మీద ఆమె మొగుడు బాలనర్సయ్య కుడికాలికి తొడ నుంచి మడమ దాకా కట్టు ఉంది. తొడ ఎముక విరిగింది, మోకాలిచిప్ప పగిలింది. మోకాలు మళ్లీ ముడుచుకుంటుందో లేదో ఆరు నెలలు గడిస్తే గానీ చెప్పలేమన్నాడు డాక్టరు. రెండు పాల క్యాన్లు కట్టుకుని రోజూ బచ్చన్నపేట నుంచి జనగామకు మోటారుసైకిల్ తోలే మనిషి అతను. మోకాలు ముడవకపోతే ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది?

దేవ్యా ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. రెండో ముద్ద కలుపుతూ అలాగే కూర్చున్నాడు.

"ఏందన్నా, కారమైందా?"

"లే చెల్లె, మంచిగుంది."

"మంచిగుంటే గట్ల కూసుంటవేంది? తిను." తర్వాత పక్క మంచం ముసలమ్మ వైపు తిరిగి, "ఈ అన్న లేకుంటే మా ఆయన రోడ్డు మీదనే పాణం ఇడుస్తుండె అవ్వా. ఎత్తుకొచ్చి దవాఖానల ఏసిండు. ఆరు దినాలాయె, లారీ లోడ్లు ఇడిసిపెట్టుకొని మా ఎంబడే తిరుగుతుండు. సొంత తోడబుట్టినోడన్న గిట్ల జేస్తడా?" అంది.

"దేవుని లెక్క దొరికిండు బిడ్డా," అంది ముసలమ్మ.

 దేవ్యా ఈ పొగడ్త ఆరు రోజులుగా వింటున్నాడు. అమ్మనా బూతులు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. ఎందుకో చెప్పాలంటే ఆ తెల్లవారు జాముకు వెళ్లాలి.

దేవ్యాది కొత్తగూడ అవతల తండా. పదహారేళ్లు వేరేవాళ్ల లారీలు తోలి, మూడేళ్ల కింద ఫైనాన్సులో ఒక పాత ఇంజన్ కొన్నాడు. ఇంజన్ అంటే పెద్ద ట్రైలర్ బండిలో డ్రైవరు కూర్చునే ముందు భాగం. వెనక ట్రైలర్ కూడా కొనాలంటే ఇంకో పది లక్షలు కావాలి. అవి ఎక్కడున్నాయి? అందుకే భూపాలపల్లి సంపత్ సేటు ట్రైలర్‌ను గుంజుతాడు. "ఇంకేందిరా దేవ్యా, ఇగ నువ్వు డ్రైవర్‌వు కావు, ఓనర్‌వు," అని సేటు మొదటిరోజు భుజం తట్టాడు. అబ్బో, ఎంత తియ్యటి మాట! ఆ ఒక్క మాటతో నెల జీతం పోయింది, క్లీనరు పోయాడు, టైరు పంచరైనా, చలానా పడినా దేవ్యా నెత్తికే వచ్చాయి. వంద రూపాయల స్టాంపు కాగితం మీద సంతకం కూడా చేయించుకున్నాడు. ట్రైలర్ వల్ల రోడ్డు మీద ఏం జరిగినా జిమ్మేదారి ఇంజన్ వానిదేనని దాంట్లో ఉంది. దేవ్యా దాన్ని చదివాడు కూడా. చదివి, లోడు దొరకాలి కదా అని సంతకం పెట్టాడు.

ఆ రోజు సిద్దిపేట వైపు నుంచి ఇనుప సలాకల లోడు తెస్తుంటే బచ్చన్నపేట దాటాక ట్రైలర్ టైరు పగిలింది. ఎత్తుగడ్డ మీద ఆగింది. ట్రైలర్ వెనక లైట్లు వెలగవు. నాలుగు నెలలుగా చెబుతున్నా సేటు వేయించలేదు. దేవ్యా తుమ్మకొమ్మలు విరిచి వెనక వేశాడు. బండి జారకుండా చక్రం కింద తన ఇసుర్రాయి పెట్టాడు.

అది వాళ్లమ్మ ఇసుర్రాయి, పిండి విసిరే తిరగలి. రెండు ముక్కలైతే ఒక ముక్కను ఇంజన్‌లో వేసుకున్నాడు. సగం చందమామలా ఉంటుంది, ఒక పక్క చదును, మధ్యలో పిడికిలి పట్టేంత గాడి. ఆ గాడిలో తీగ చుట్టి పట్టుకోవడానికి వీలు చేసుకున్నాడు. చక్రానికి దానంత బాగా ఏ రాయీ ఆనదు.

టైరు మార్చేసరికి అయిదు కావొచ్చింది. ఈలోగా సేటు ఏడుసార్లు ఫోన్ చేశాడు. జనగామలో క్రేన్ వాడు ఎదురుచూస్తున్నాడు, గంట ఆలస్యమైతే వాడి డబ్బులు నీ కిరాయిలో కోస్తానన్నాడు. క్లీనరు ఉన్నప్పుడైతే బండి రెండడుగులు కదలగానే వాడు రాయి తీసుకుని ఎక్కేవాడు. ఒక్కడే ఉంటే బండి ముందుకు తీసి, ఆపి, దిగి, వెనక్కి నడిచి తెచ్చుకోవాలి. కొమ్మలు రోడ్డు పక్కకు ఈడ్చేసి, రాయి కోసం ఆపుదామని బండి ముందుకు తీశాడు దేవ్యా. ఎనిమిదోసారి ఫోన్ మోగింది. "వస్తున్న సేటూ, వస్తున్న," అంటూ గేరు మార్చి పోయాడు.

జనగామలో ట్రైలర్ విడిచాక చూసుకుంటే రాయి లేదు. అయ్యో, రోడ్డు మీదనే ఉంది! ఒట్టి ఇంజన్ తోలుకుని వెనక్కి వచ్చాడు. వచ్చేసరికి గడ్డ మీద రోడ్డంతా తెల్లగా పాలు. క్యాన్లు ఒకటి అటు, ఒకటి ఇటు. బాలనర్సయ్య మూలుగుతున్నాడు. మోటారుసైకిల్ ముందు చక్రం వంకరపోయింది. దానికి మూడు గజాల దూరంలో ఇసుర్రాయి.

దేవ్యా మొదట మనిషిని ఎత్తాడా, రాయిని ఎత్తాడా? ఈ ఆరు రోజులూ తన్ను తాను అడుగుతున్న ప్రశ్న అదే. నిజం చెప్పాలంటే మొదట రాయినే ఎత్తాడు. ఇంకొకడికి తగలొద్దని తీశానని అప్పుడు అనుకున్నాడు. అదే నిజమైతే పక్కన పొలంలోకి విసిరేస్తే సరిపోయేది. సీటు కింద ఎందుకు దాచినట్టు?

పోలీసులు వచ్చి అడిగితే, "నేను వచ్చేసరికే పడి ఉన్నడు సార్. బండి గిండి ఏం కనబడలే," అన్నాడు. అందులో అబద్ధం ఏముంది? అక్షరం అబద్ధం లేదు. సొంతంగా జారి పడ్డాడని వాళ్లు రాసుకున్నారు. నల్లటి రాయి తగిలిందని బాలనర్సయ్య చెబితే, "ఏదిరా రాయి? పొద్దుగాల్నే కల్లు ఎక్కువైందా?" అని నవ్వారు. కల్లు ముట్టని మనిషి బాలనర్సయ్య. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా మంచం మీద మొహం అటు తిప్పుకుంటున్నాడు.

మూడింటికి వకీలు దగ్గర గుమాస్తాగా చేసే శ్యాం వచ్చాడు. సరోజ వాళ్ల ఊరివాడే. కాగితాలు చూసి పెదవి విరిచాడు.

"సెల్ఫ్ అని రాసిన్రు అక్కా. ఇగ కేసు ఎక్కడిది? ఇంకో బండి ఉంటే ఆ బండి ఇన్సూరెన్సు మీద ఏసేటోళ్లం. రాయికి ఇన్సూరెన్సు ఉంటదా?"

"రాయి నడుసుకుంట వచ్చిందా సారూ రోడ్డు మీదికి? ఎవడో ఒకడు పెట్టిండు గద!" సరోజ గొంతు పెరిగింది. "నిన్న ఒక బర్రెనమ్మిన. యాభై ఎనిమిది వేలకు. ఇంకొక్కటే ఉన్నది. అది గూడ పోతే నేను, పిల్లలు పత్తి ఏరవోతం, సరే. ఈయన తాగి పడ్డడని ఊరంత అనుకుంటుండ్రు. గదెట్ల పడాలె నేను?"

"పెట్టినోడు దొరికితే వేరే ముచ్చట."

"దొరికితే వస్తయా పైసలు?" అని అడిగాడు దేవ్యా. 

శ్యాం అతనివైపు చూశాడు. "వస్తయని చెప్పలేనన్నా. బండి నిలబెట్టి రాయి పెట్టి పోయిండంటే, బండి వల్లనే అయిందని కొట్లాడొచ్చు. వెనక ట్రైలర్ గిట్ల ఉంటే దాని కాయితాలు గూడ అడుగుతరు. అవి లేకుంటే కంపెనీ మాకు సంబంధం లేదంటది. అప్పుడు ఓనర్ల మీద పడ్తది. ఏండ్లు పట్టొచ్చు. కాని కొట్లాడాలంటే బండి అంటూ ఒకటి ఉండాలె గదా."

ఇంజన్‌కు ఇన్సూరెన్సు ఉంది, ఫైనాన్సు వాళ్లు ఊరుకోరు కనుక. ట్రైలర్‌ది ఉగాదికే అయిపోయింది. దేవ్యాకు లెక్క వెంటనే తెలిసిపోయింది. నోరు తెరిస్తే కంపెనీ తప్పుకుంటుంది, సేటు స్టాంపు కాగితం చూపిస్తాడు. చివరికి మిగిలేది తన ఇంజనే. నెలకు ముప్ఫై ఒక్క వేల కిస్తీ కట్టే ఇంజన్.

వరండాలోకి వచ్చి భార్య గోరీకి ఫోన్ చేశాడు. ఆరు రోజుల్లో మొదటిసారి అంతా చెప్పాడు, తమ లంబాడీ భాషలో. 

"వాళ్ల అన్నం తింటున్నవా?" అంది గోరీ.

"పెడుతుంది. వద్దంటే ఊకోదు."

"థూ నీ బతుకు! మీ అమ్మ ఆ రాయితో జొన్నలు ఇసిరి మిమ్మల్ని సాకింది. దాన్ని దాచుకొని ఆమె అన్నం తింటున్నవా?" అని ఏడ్చింది. ఇంజన్ పోతే ఎట్లా అని అతను అడగబోయేలోగా పెట్టేసింది.

వెంటనే సేటు ఫోన్. రాయి సంగతి అతనికి రెండో రోజే తెలుసు. దేవ్యానే చెప్పుకున్నాడు, ఏదైనా దారి చూపుతాడని.

"ఏమైందిరా? ఇంక దవాఖాననేనా? రేపు భూపాలపల్లికి రా. ఇంకో ట్రైలర్ ఇస్త, లైట్లు మంచిగున్నయి. గా రాయిని ఏ చెరువులనన్న పడెయ్. ముచ్చట అయిపాయె."

"ఆయన మోకాలు మల్ల ముడుస్తదో లేదో తెల్వదంట సేటూ."

"గైతే? కాయితం మీద సంతకం నీది. నీ మంచికే చెప్తున్న."

"సంతకం నాదే. నా మీదనే పడనీ. నీ ట్రైలర్ నేను గుంజ సేటూ. రాయిని చెరువుల గూడ ఎయ్య."

ఫోన్ పెట్టేశాడు. ధైర్యం ఏమీ రాలేదు అతనికి, భయమే ఎక్కువైంది. ఆ భయంతోనే కిందికి దిగి, దవాఖాన గేటు బయట ఆపిన ఇంజన్ సీటు కింద నుంచి రాయిని లాగాడు. తువ్వాల కప్పలేదు. మెట్లెక్కుతుంటే జనం పక్కకు జరిగి చూశారు.

వార్డులో సరోజ మొగుడికి అన్నం తినిపిస్తోంది. దేవ్యా రాయిని మంచం పక్కన నేల మీద పెట్టాడు. చదునైన అంచున నీలం రంగు గీతలు. బాలనర్సయ్య మోటారుసైకిల్‌ది నీలం రంగు.

బాలనర్సయ్య మెడ ఎత్తి చూశాడు. "ఇదే," అన్నాడు. "ఇదే సరోజా. చెప్పిన గద, నల్లగ, సగం... నేను తాగలే."

"ఎక్కడిదన్నా ఇది?" అంది సరోజ.

"మా అమ్మది." దేవ్యా మంచం పట్టె పట్టుకున్నాడు. "నేనే పెట్టిన చెల్లె. ట్రైలర్ చక్రం కింద. తియ్యకుంట పోయిన. మల్ల ఎతుక్కుంట వచ్చిన... మీ ఆయన కోసం కాదు. దీని కోసమొచ్చిన."

సరోజ చేతిలోని ముద్ద అలాగే ఉంది.  ముద్దను గిన్నెలో వేసి, కిటికీ మీద మధ్యాహ్నం అతనికి అన్నం పెట్టిన మూత వైపు చూసింది. అందులో ఇంకా సగం అన్నం ఉంది. లేచి వెళ్లి ఆ అన్నాన్ని చెత్తడబ్బాలో పారబోసి, కుళాయి కింద మూత కడిగి, టిఫిన్ గిన్నె మీద పెట్టి గట్టిగా నొక్కింది.

"ఠాణల గిదే మాట చెప్తవా?" అంది. అన్నా అనలేదు.

"చెప్త."

దేవ్యా రాయి కోసం వంగాడు.

"నువ్వు ముట్టకు!"

ఆమె తీగ విప్పకుండానే రాయిని రెండు చేతులతో ఎత్తి చంకకు ఆనించుకుంది. బరువుకు నడుము ఒక పక్కకు వంగింది. బాలనర్సయ్య పిలుస్తున్నా ఆగలేదు. ముసలమ్మను ఆయన్ను జర చూడమని చెప్పి, మెట్లు దిగి, గేటు దాటి, పోలీస్ స్టేషన్ వైపు ఎండలో నడవసాగింది. దేవ్యా తన ఇంజన్ పక్క నుంచే ఆమె వెనక నడిచాడు. నాలుగుసార్లు ఆమె ఆగి రాయిని ఇటు చంక నుంచి అటు చంకకు మార్చుకుంది. ఒక్కసారి కూడా అతన్ని పట్టుకోమనలేదు.