కవరులో ఉండిపోయిన ఓటు

మాంట్‌గోమరీ ఊరి చివర ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో వెర్నెల్ చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. అందరితోపాటు తనూ దుప్పట్లు మడతపెడుతుంది; ఎవరు ఏ మిషను దగ్గర నిలబడాలో కూడా తనే చెబుతుంది. అందుకని ఆమెను లీడ్ అంటారు. అది పనో పెత్తనమో లాండ్రీలో యూనియన్ కావాలా వద్దా అనే ఎన్నిక వచ్చేదాకా ఎవరూ పట్టించుకోలేదు.

ఎన్నిక దగ్గరపడ్డాక మేనేజరు హాగుడ్ ఆమెను తన గదికి పిలిచి, కూర్చోమన్నాడు. ఆ గదిలో ఆమెకు కుర్చీ చూపించడం అదే మొదలు. నువ్వు మేనేజ్‌మెంట్ మనిషివి, యూనియన్ గురించి నీ వాళ్లేమనుకుంటున్నారో కనుక్కో అన్నాడు. వెర్నెల్ తలూపి వచ్చేసింది.

ఆ మధ్యాహ్నం వెర్నెల్, తనతో పనిచేసే పాత స్నేహితురాలు ఒడెస్సా పక్కన తినడానికి కూర్చుని, ఓటు ఎటు వేస్తున్నావే అని మామూలుగానే అడిగింది. ఒడెస్సా చేతిలోని చేపముక్క కింద పెట్టేసింది.

"నువ్వడుగుతున్నావా, ఆయన అడిగిస్తున్నాడా?"

వెర్నెల్‌కు రెండూ నిజమే అనిపించింది.

"మా మనిషివైతే ఎంతసేపైనా మాట్లాడుకుందాం. ఆయన మనిషివైతే ఆ మాట నన్ను అడక్కూడదు, చట్టం ఒప్పుకోదు. ఎవరి మనిషివో ముందు నువ్వు తేల్చుకో."

వెర్నెల్‌కు ఎంత ఆలోచించినా తేలలేదు. తనకేమీ తెలియలేదని హాగుడ్‌తో చెప్పి ఊరుకుంది.

ఎన్నిక రోజు క్యాంటీన్‌లో ప్రభుత్వ అధికారి ఒకాయన పెట్టె ముందు కూర్చున్నాడు. ఆయనకు అటూ ఇటూ కంపెనీ తరఫున ఒకరు, యూనియన్ తరఫున ఒడెస్సా. వెర్నెల్ పేరు చెప్పగానే ఒడెస్సా తల దించుకుని, ఈవిడ సూపర్‌వైజరు, సూపర్‌వైజర్లకు ఓటు లేదు అంది. కాదు, ఈమె మామూలు కార్మికురాలే అన్నాడు కంపెనీ మనిషి. వెర్నెల్ ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. మేనేజ్‌మెంట్ మనిషివన్న కంపెనీ ఇప్పుడు కార్మికురాలంటోంది, ఎవరి మనిషివో నువ్వే తేల్చుకోమన్న ఒడెస్సా సూపర్‌వైజరంటోంది.

"ఇంతకీ నేనెవరినండీ?" అని అధికారినడిగింది.

"ఇప్పుడు చెప్పలేనమ్మా. మీరు ఓటు వేయండి, కవరులో విడిగా ఉంచుతాం. అవసరమైతే తర్వాత తేలుస్తాం."

వెర్నెల్ తెర వెనక్కి వెళ్లి, యూనియన్ కావాలని గుర్తు పెట్టింది.

యూనియన్ చాలా తేడాతో గెలిచింది. ఒక్క ఓటుతో ఫలితం మారదు కాబట్టి కవరు తెరవలేదు. వెర్నెల్ ఫోన్ చేస్తే, ఇక విచారణ అక్కర్లేదనీ, లీడ్‌ల సంగతి కంపెనీ, యూనియన్ తర్వాత మాట్లాడుకుంటాయనీ ఆ అధికారి చెప్పాడు.

శుక్రవారం పని దిగాక ఒడెస్సా ఆమెను కార్ల దగ్గర ఆపింది.

"నేను మీకే వేశాను" అంది వెర్నెల్.

ఒడెస్సా కారు మీద చెయ్యి ఆనించింది. "ఆ రోజు నువ్వు ఓటు సంగతి అడిగితే హాగుడ్ మనిషివేమోనని భయపడ్డానే, అందుకే నీకు ఓటు లేదన్నాను. నేను చేసింది తప్పో కాదో నాకిప్పటికీ తెలియదు."

కోపం తెచ్చుకోవాలో వద్దో వెర్నెల్‌కూ తెలియలేదు. ఇద్దరూ ఎవరి కారు వాళ్లు ఎక్కారు.