తుడిచినా పోని చుక్కలు

సముద్రానికి దగ్గర్లోని ఒర్లియంపేటలో ఆ ఇంటివాళ్లెవరూ రంగమ్మాళ్ విభూతి పూయకుండా గడప దాటిన పాపాన పోలేదు. జ్వరమొచ్చినా, పరీక్షకెళ్లినా, ఆఖరికి బస్సెక్కినా సరే, నుదుట ఓ గీత, గుండెలమీద ఓ గుప్పెడు. అలాంటిది ఆ రోజు కోడలు కనగానికి రొమ్ము ఎక్స్‌రే. ఇక చెప్పాలా! చంటిబిడ్డకు పౌడరద్దినట్టు మెడ నుంచి చంకలదాకా మెత్తేసింది.

ఎక్స్‌రే గది చల్లగా, మసకగా ఉంది. మిషన్ రొమ్మును నొక్కుతుంటే కనగం కళ్లు మూసుకుంది. ఆ నొప్పి ఎక్కడో దూరాన, మరెవరికో పుడుతున్నట్టుంది. సముద్రం గది గుమ్మందాకా వచ్చి చప్పుడు లేకుండా నిలబడిందనిపించింది. తను పోతే? మొగుడు వీరాసామికి కాఫీ కలపడం కూడా రాదు. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. బతకాలనుంది ఆమెకు, అంతే.

కళ్లు తెరిస్తే ఎదుట తెరమీద నల్లటి ఆకాశం, దాన్నిండా తెల్లటి చుక్కలు. ఎంత బాగుందో అనుకుంది, పిచ్చిది.

ఎక్స్‌రే తీసే దీపా ముఖం చిట్లించింది. "అక్కా, ఒంటికి ఏమన్నా పూసుకున్నావా?"

"మా అత్త విభూతి పూసింది."

"ఈ చుక్కలు అదే అయ్యుంటాది. తుడిచి మళ్లా తీస్తాం."

బయట కూర్చున్న రంగమ్మాళ్‌ను పిలిచి సంగతి చెబితే ముసలామె ముఖం వెలిగిపోయింది. "అట్లయితే జబ్బూ లేదు, గిబ్బూ లేదు! అంతా నా విభూతే!" అంటూ తడిగుడ్డతో తనే కోడలి ఒళ్లు తుడిచింది.

రెండో బొమ్మలో చుక్కలన్నీ మాయమయ్యాయి. ఒక్క మూల మాత్రం చిటికెడు మిగిలాయి, గుంపుగా.

"నేనే సరిగా తుడవలా," అని రంగమ్మాళ్ మళ్లీ గుడ్డ అందుకుంది.

"పెద్దమ్మా, అవి పైన లేవు. లోపల ఉండే సున్నపు నలుసులు," అంది దీపా మెల్లగా. "ఇట్లాంటివన్నీ చెడ్డవి కావు. గుంపు కట్టినాయి గదా, డాక్టరు సూది పెట్టి ముక్క తీసి చూస్తారు. చెడ్డదే అయినా గడ్డ కట్టకముందే దొరికింది."

రంగమ్మాళ్ చెవికెక్కలేదు. "పోతాదే, ఉండు. పూసినదాన్ని నేను, తియ్యలేనా?" చర్మం ఎర్రబడేలా రుద్దుతూనే ఉంది.

కనగం ఆ చేయి పట్టుకుంది. తన భయం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు.

"అత్తా, ఇది నువ్వు పూసింది కాదు."

రంగమ్మాళ్ ఘొల్లుమంది. కనగం ఆమె తల తన భుజాన ఆనించుకుని, "సూది ఎప్పుడు పెడతారు చెల్లీ?" అని దీపాను అడిగింది.