చర్చి బగోన

“మా ఇంటామెకు గివన్నీ తెల్వయి మేడం. నన్నడుగుండ్రి, నేను చెప్త,” అంటూ విక్టర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

జయశీల అప్పుడు పెరట్లో బగోన వంచి గంజి తీస్తోంది. ఇంట్లో వాడుకునే గిన్నె కాదది, చర్చిలో అందరూ కలిసి తినే ప్రేమవిందులకు అన్నం వండే పెద్ద బగోన. కాలకుండా అంచు పట్టుకోవడానికి ఆమె చేతిలో ఉన్న మసిగుడ్డ, పోయిన చలికాలం జరిగిన కార్మికుల క్రీడోత్సవంలో పంచిన పసుపుపచ్చ టీషర్టు. దేశం నలుమూలల నుంచి ఆటగాళ్లు దిగిన ఆ సంబరం తర్వాత చిట్కుల్‌లో ఎవరింట్లో ఏం మిగిలిందో గానీ, జయశీలకు మాత్రం ఈ గుడ్డా, ఈ బగోనా, ఆరని పొయ్యీ మిగిలాయి.

వచ్చినమ్మాయి పేరు నిహారిక. యూనివర్సిటీలో చదువుతోందట. ఆటలు వచ్చి వెళ్లాక ఊరికి మంచి జరిగిందా, చెడు జరిగిందా అని ఇంటింటికీ తిరిగి అడుగుతోంది. అడిగిందే తడవు, విక్టర్ అందుకున్నాడు.

“రోడ్డొచ్చింది. లైట్లొచ్చినయి. స్టేడియం సూసిండ్రా, తాళమేసుంటది గానీ మస్తు కట్టిండ్రు. మా మెస్సు గూడ ఆటలతోనే షురూ అయింది.”

మా మెస్సు! జయశీలకు ఒళ్లు మండింది. ఎవరి మెస్సు? ఆటగాళ్లకు వసతి చాలడం లేదంటే ముందూ వెనకా చూడకుండా ఇల్లు రాసిచ్చినంత పని చేశాడు విక్టర్. “నాలుగు దినాలే గద, అతిథులకు పెడితే దేవుడు సూస్తడు” అన్నది అత్త సువార్తమ్మ. దేవుడు చూసే పనేమో గానీ చేసే పని జయశీలదే అయింది. మందుబిళ్లల కంపెనీలో ప్యాకింగ్ పనికి సెలవు పెట్టింది. తన పూచీ మీద చర్చి స్త్రీల సమాజం నుంచి బగోనలు తెచ్చింది. ఆటలు ముగిశాయి, ఆటగాళ్లు వెళ్లిపోయారు. వాళ్లు కూర్చుని తిన్న చాపల మీదికే కంపెనీల్లో పనిచేసే బిహార్, ఒడిశా పిల్లలు అన్నానికి వచ్చి కూర్చున్నారు. “పొయ్యి ఉన్నది, గిన్నెలున్నయి, నువ్వున్నవు. ఇంకేం గావాలె?” అన్నాడు విక్టర్. పొయ్యి తర్వాత, గిన్నెల తర్వాత తనను లెక్కపెట్టాడని ఆమెకు ఆ రోజు తట్టలేదు. “నిలబడి నిలబడి కాళ్లు గుంజుతున్నయంటివి గద, ఇగ ఇంట్లనే ఉండు” అని కూడా అన్నాడు. అలా కంపెనీ పని మానేసింది. ఇప్పుడు కాళ్లతోపాటు నడుమూ గుంజుతోంది. నోరు తెరిస్తే, “ఇంట్ల ఉండి అన్నం వండుడు గూడ కష్టమేనా?” అని సువార్తమ్మ దీర్ఘం తీస్తుంది.

“ఆంటీ, మీరేమంటారు?” నిహారిక పెరటి గుమ్మం దాకా వచ్చింది.

జయశీల బగోన దించి తలెత్తింది. వెనకే విక్టర్ నవ్వుతూ చూస్తున్నాడు. “మంచిగనే అయింది బిడ్డా,” అనేసింది. అన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది.

“వచ్చే చలికాలం మళ్ల ఆటలొస్తున్నయి మేడం,” అన్నాడు విక్టర్. “ఈసారి రెండు టీములకు మనింట్లనే భోజనమని మాటిచ్చిన.”

జయశీలకు పొద్దుటి ఫోన్ గుర్తొచ్చింది. పాత కంపెనీలో తనతో పనిచేసిన హుస్నా చేసింది. “మన లైన్ల ఒక జాగా ఖాళీ అయింది జయా. సార్‌కు నీ పేరు చెప్పిన. రేపు ఫస్ట్ షిఫ్టుకు రాకుంటే ఇంకొకల్లను తీసుకుంటడు. సోంచాయించకు, జల్దీ చెప్పు.” చెప్తానని జయశీల పెట్టేసింది. ఎవరితో చెప్పాలి, ఎలా చెప్పాలి? ఈ జాగా పోతే మళ్లీ ఎవరు పిలుస్తారు?

మధ్యాహ్నమంతా బగోనలు తోముతూ అదే ఆలోచన. ఆయన వీధి వినేలా అరిస్తే? అత్త అన్నం మానేసి పడుకుంటే? పాపం, ఆ పిల్లలు ఎక్కడ తింటారు? అసలు తన చేతులకు ఇంకా ఆ పని వస్తుందా? తోముతుంటే మసి వదిలి అంచు మీద చెక్కిన అక్షరాలు బయటపడ్డాయి. ‘స్త్రీల సమాజం, చిట్కుల్.’ ఈ ఆదివారం చర్చిలో కోత పండుగ. బగోనలిమ్మని సమాజం వాళ్లు కబురు పెడితే, “కిరాయికి తెచ్చుకొమ్మను” అన్నాడు విక్టర్. ప్రతి పండక్కీ అదే మాట. పూచీ పడ్డది తను, తలదించుకుని చర్చిలో కూర్చునేదీ తనే.

సాయంత్రం యాదన్న ట్రాలీ ఆటోలో కూరగాయలు తెచ్చాడు. విక్టర్ బజారుకు వెళ్లాడు. రాత్రి అన్నం అప్పటికే వండి డబ్బాల్లోకి తోడేసింది జయశీల.

“యాదన్నా, వట్టి బండే గద పోతున్నది. గివి జెర చర్చి కాడ దింపుతవా?”

బగోనలు ఎక్కుతుంటే సువార్తమ్మ గుమ్మంలోకి వచ్చి, “ఇస్తున్నవా? ఇగ వాడేమంటడో!” అంటూ కొడుక్కి ఫోన్ కలిపింది. జయశీల బండెక్కి బగోన అంచు పట్టుకుని కూర్చుంది. హుస్నాకు ఫోన్ చేసి, “వస్తున్న, సార్‌కు చెప్పు” అన్నది.

సందు చివర, ఇంకా ఇళ్లు తిరుగుతున్న నిహారిక కనిపించింది. జయశీల బండి ఆపించింది.

“బిడ్డా, పొద్దుగాల తప్పు చెప్పిన. కొట్టేసి మళ్ల రాస్కో. ఆటలు అయిపోయినయి గానీ, ఆటలకని మొదలువెట్టిన వంట నాకు ఇంకా అయిపోలే.”

చర్చి వాకిట్లో మొదటి బగోన దించుతుండగానే విక్టర్ బండి వచ్చి ఆగింది.

“ఏయ్ యాదన్నా, దించకు! జయా, పిచ్చి లేసిందా? రేపు పొద్దుగాల అంతమందికి దేంట్ల వండుతవ్?”

జయశీల రెండో బగోనకు చెయ్యి వేసింది.

“రేపు నాకు ఫస్ట్ షిఫ్టు. దేంట్ల వండుతరో మీరే సూసుకోండ్రి.”