సున్నం కొట్టిన గోడ

"నా మోకాలేదే?" అని పొద్దున్నే బీరువా దగ్గర మొదలుపెట్టారు మావారు. హైస్కూల్లో లెక్కల మేస్టారు. డాక్టరుకి చూపించాల్సిన ఎక్స్‌రే కవరుంది, లోపల ఫిల్ము లేదు.

"గోడెక్కింది నాన్నా," అంది మా సాయిశ్రీ, అట్టు తుంచుకుంటూ.

ఫిల్ములో బొమ్మ ఆకారం కత్తిరించి, గోడకి ఆనించి రంగు స్ప్రే చేస్తే బొమ్మ దిగుతుందట.

"నాకున్నవే రెండు మోకాళ్లు. అందులో ఒకటి నీ బొమ్మలకా!"

"చెడిపోయినదే కదా తీసుకున్నాను!"

సాయిశ్రీ అమలాపురంలో డిగ్రీ చదువుతోంది. దాని క్లాస్‌మేట్ జాన్ ఫోన్లో బీటు కడితే ఇది ర్యాప్ పాడుతుంది. కొత్త పాట రొయ్యల చెరువుల మూలంగా ఉప్పుబారిపోయిన మా మామిడికుదురు నూతుల గురించి. యూట్యూబ్‌లో పెట్టిన ఆ పాట వీడియో కోసం కాలవగట్టు గోడ మీద బొమ్మ వేసింది. గ్లాసు పట్టుకున్న పిల్ల, గ్లాసులో మీసాల రొయ్య, కింద "మా నూతినీళ్లు మీరు తాగండి".

సాయంత్రం వెళ్లి చూశాను. బొమ్మ బాగుంది. కానీ దాని వెనక తెల్లటి సున్నం, కింది మూలన చిన్నగా "రిజర్వు" అన్న అక్షరాలు. ఎన్నికలకి చాలా ముందే పార్టీలవాళ్లు గోడకి సున్నం కొట్టి మూలన అలా రాసుకుంటారు. ఇక ఆ గోడ జోలికి ఎదుటి పార్టీవాళ్లు కూడా పోరు. సాయిశ్రీ అది పోయిన ఎన్నికలప్పటిదనుకుంది. కాదు. ఈమధ్యే వీరవెంకటరమణ గారి మనుషులు కొట్టారు. ఊళ్లో సగం చెరువులు ఆయనవే.

మర్నాడు ఆయనే ఇంటికొచ్చారు. చెప్పులు జతగా విడిచి, కాఫీ పూర్తిగా తాగి, గ్లాసు నా చేతికే ఇచ్చారు.

"పాప బొమ్మ బాగా ఏసిందండి మేస్టారూ. పాటా విన్నానండి."

"చిన్నపిల్లండీ, తెలీక వేసింది."

"ఆయ్, తెలీకేనండి. నాకేం లేదండీ. మా కుర్రోళ్లే, చెప్తే ఇనే రకం కాదండి. పాప రోజూ కాలవ లాకుల కాడే కదండీ బస్సెక్కుతాది? ఒక్కత్తే నిలబడతాది పాపం. బొమ్మా, పాటా తీయించెయ్యండి. మనూరి పిల్ల."

నవ్వుతూ నమస్కారం పెట్టి వెళ్లారు.

"పాట తియ్యను. అందులో అబద్ధమేముంది?" అంది సాయిశ్రీ. మావారు దాన్ని కాలేజీ మాన్పించారు.

ఆదివారం ముగ్గు వెయ్యడానికి వెళ్తే మా ప్రహరీగోడ తెల్లగా మెరుస్తోంది. గేటుకి అటూ ఇటూ, ఎక్కడా చార లేకుండా శ్రద్ధగా కొట్టారు. ముట్టుకుంటే తడి వేలికంటింది. మూలన "రిజర్వు" అని ఉంది. ఏం రాయబోతారో లేదు. రోజూ పలకరించే ఎదురింటి సత్యవతి గారు బకెట్ తీసుకుని లోపలికి పోయి తలుపేసుకున్నారు. ఆ తెలుపు మీద నా కూతురి పేరు పక్కన ఏమేం రాయొచ్చో నాకు వరసగా తోచింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర మావారు పప్పు కలిపిన అన్నం అలాగే ఉంచారు.

"పాట తీసెయ్యమ్మా," అన్నారు చివరికి. "కొన్నాళ్లు రాజమండ్రిలో పిన్ని దగ్గరుందువుగాని."

సాయిశ్రీ పాట తీసెయ్యడానికి ఫోను అందుకుంది.

నేను నెయ్యి గిన్నె కింద పెట్టాను.

"ఫోను పక్కన పెట్టు. కాలవగట్టు గోడ వాళ్లు ముందే రిజర్వు చేసుకున్నది. అక్కడ తప్పు మనది, ఇవాళే వెళ్లి మన చేత్తో సున్నం కొట్టొద్దాం. పాట ఉంటుంది. ఈ ప్రహరీగోడ మనది. రేపు జనం తిరిగే వేళకి ఆ బొమ్మ దీని మీద వేస్తావు. ఫిల్ము నేను పట్టుకుంటాను."

"వాళ్లొస్తే?" అన్నారు మావారు.

"వస్తారండీ. అందుకే బొమ్మ కింద దాని పేరుండదు. నా పేరుంటుంది."