‘అండ్’ దగ్గర ఒక ఊపిరి

ఎడ్విన్ హార్‌గ్రీవ్స్ మైకుకు ఊలు తొడుగు తొడుగుతున్నాడు. భార్య డోరీన్ పాత మేజోడు విప్పి అల్లిన నీలం తొడుగది. ఇంగ్లండులోని లాంకషైర్ కొండగాలి మైకులో దూరితే మనిషి మాట కుక్క గుర్రుమన్నట్టు వినిపిస్తుంది మరి. వారమంతా అతను డిపోలో బస్సులు కడుగుతాడు. నీళ్లలో నాని నాని వేళ్ల చర్మం తెల్లగా ముడతలు పడిపోయింది. డిపోలో అతని గొంతు ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు తక్కువ. శనివారం మాత్రం ఊరి ఫుట్‌బాల్ మైదానమంతా వింటుంది. ఆటకు ఎంతమంది వచ్చారో చెప్పేది అతనే.

చెప్పడంలో అతనికో పద్ధతి ఉంది. రెండు వేల నూట ఏడుమంది వస్తే, "టూ థౌజండ్, వన్ హండ్రెడ్, అండ్..." అని ఊపిరి పట్టి ఆగుతాడు. గోలు వెనక నిలబడ్డ జనం "నేనూ!" అని ఒక్క గొంతుతో అరుస్తారు. అప్పుడు "సెవెన్" అంటాడు. ఇది ఎలా మొదలైందో ఎవరికీ గుర్తులేదు. తాతల భుజాలెక్కి అరిచినవాళ్లకు ఇప్పుడు మనవలున్నారు.

ఆ శనివారం క్లబ్బు కొత్త మేనేజరు క్రెయిగ్ మెట్లెక్కి అతని మైకు గదికి వచ్చాడు. చెడ్డవాడేం కాదు, తొందర మనిషి. వ్యాపార ప్రకటనలకు సమయం చాలడం లేదట. అమెరికావాళ్లలా "ట్వెంటీవన్ ఓ సెవెన్" అనేస్తే చిటికెలో పనైపోతుందట.

"ఫోన్ నంబరు చెప్పినట్టుంటుంది బాబూ," అన్నాడు ఎడ్విన్. "అందులో జనం దూరడానికి సందేదీ?"

క్రెయిగ్ నవ్వేశాడు. పై వారం నుంచి అలాగే చెప్పాలనీ, కాదంటే మరొకరిని చూసుకుంటాననీ చెప్పి దిగిపోయాడు.

సగం ఆట అయ్యాక గేటు నుంచి లెక్క వచ్చింది. ఎడ్విన్ కోటు సర్దుకుని లేచి నిలబడ్డాడు. ‘అండ్’ దగ్గర ఎన్నడూ లేనంతసేపు ఆగాడు. మైదానం దద్దరిల్లింది. బస్సులు కడిగే తనలాంటివాడి మాట కోసం ఇంతమంది కాచుకున్నారన్న గర్వంతో అతని ఛాతీ ఉప్పొంగింది.

"ఇవాళ బాగా ఆపాను," అన్నాడు రాత్రి భోజనం దగ్గర.

"విన్నాలే. వంటింట్లో గిన్నెలు కూడా విన్నాయి. చేప చల్లారుతోంది, తిను," అంది డోరీన్.

ఆదివారం ఉదయం ఆమె టీ తెచ్చి లేపితే అతను లేవలేదు. నిద్రలోనే పోయాడు.

పై శనివారం మరొకరెవరూ దొరక్క క్రెయిగే మైకు పట్టుకున్నాడు. "ట్వెంటీత్రీ..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. మళ్లీ మొదటికొచ్చాడు. "టూ థౌజండ్, త్రీ హండ్రెడ్, అండ్..."

గోలు వెనక ఎవరూ ‘నేనూ’ అనలేదు.

"ఎడ్వినూ!" అన్నారు, అందరూ ఒక్కసారిగా.

ఆ కేక పూర్తిగా ఆగాకే క్రెయిగ్ చివరి అంకె చెప్పాడు. అతని చేతిలోని మైకుకు ఆ నీలం తొడుగు అలాగే ఉంది, పెదవులు ఆనే చోట ఊలు అరిగి పలచబడి.